మోటారు ఎందుకు కాలిందో రాసిపెట్టే పుస్తకం కావాలి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ





శివరాత్రి దాటిందంటే మా రాప్తాడు మండలంలో ఏదో ఒక బోరు దగ్గర మూడుకాళ్ల స్టాండు లేస్తుంది. చైను పుల్లీ తగిలించి, క్లాంపులు బిగించి, ఒక్కో పైపు విప్పుకుంటూ మోటారును పైకి లాగుతారు. ఆరు వందల అడుగుల లోతులో ఉంటే ఇరవై అడుగుల పైపులు ముప్పై. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటాక మోటారు బయటికొస్తుంది. దాన్ని ఆటోలో వేసుకుని రీవైండింగ్ షాపుకు పోతారు. మెకానిక్ మూత విప్పి, నల్లబడిన తీగ చూపించి, "వైండింగ్ కాలిపోయిందప్పా" అంటాడు. ఎందుకు కాలిందని అడిగితే, "ఓల్టేజీ" అంటాడు, లేదంటే "నీళ్లు తగ్గినట్టుండాయి" అంటాడు. కొత్త తీగ చుట్టించుకుని, అదే మోటారును, అదే లోతుకు, అదే స్టార్టరుతో మళ్లీ దించుతారు. చీనీ చెట్లు వాడిపోతుంటే కారణం వెతికే తీరిక ఏ రైతుకుంటుంది? కారణం మాత్రం బోరులోనో, స్టార్టరు డబ్బాలోనో, లైనులోనో అట్లాగే ఉంటుంది. అందుకే రెండో వేసవికో మూడో వేసవికో అదే బోరు దగ్గర మళ్లీ స్టాండు లేస్తుంది.

ఈ లేఖలో కొత్త బోర్లు అడగడం లేదు. మోటార్ల మీద సబ్సిడీ అడగడం లేదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో నాలుగు కొలత పరికరాలు, వాటిని వాడటం తెలిసిన ఒక మనిషి, ప్రతి బోరుకూ ఒక పుస్తకం కావాలని అడుగుతున్నాను. చిన్న కోరికే. మా మోటార్లు ఎందుకు పోతున్నాయో చెబితే ఇదెంత అవసరమో మీకే అర్థమవుతుంది. అందుకే లేఖ కొంచెం పొడుగైనా ఓపికగా చదవమని మనవి.

ముందు నేల సంగతి. ఈ జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కింద గ్రానైటు, నైసు రాయి. డెల్టా నేలల్లో మాదిరి ఇసుక పొరల నిండా నీరుండదు. పైన మెత్తబడిన రాతి పొరలో కొంత, దాని కింద గట్టి రాయికి పడిన చీలికల్లో కొంత, అంతే. బోరు వేసేటప్పుడు చీలిక తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. తగిలిన చీలిక కూడా అన్ని కాలాల్లో ఒకేలా ఇవ్వదు. కార్తీకంలో రెండించులు పోసిన బోరు చైత్రం నాటికి ముక్కాలించుకు దిగడం ఇక్కడ మామూలు. మా పండమేరు వాగు పారిన ఏడాదికీ, ఎండిన ఏడాదికీ ఒకే బోరులో నీటిమట్టం వంద అడుగులు తేడా రావచ్చు.

మోటారు మాత్రం మారదు. నిమిషానికి సుమారు 2,880 చుట్లు తిరిగేలా తయారైంది. బోరులో నీళ్లు నిండుగా ఉన్నా, అడుగంటినా అదే వేగంతో తిరుగుతుంది. నీరిచ్చే శక్తి నెలనెలా మారే బోరులో, తోడే శక్తి మారని యంత్రాన్ని దించుతున్నాం. ఆ రెంటి మధ్య పొత్తు కుదిరిందో లేదో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ పని మా దగ్గర ఎవరూ చేయడం లేదు.

మా తాతల కాలంలో కపిల బావులుండేవి. నీళ్లెంతున్నాయో బావిలోకి తొంగి చూస్తే తెలిసేది. తర్వాత ఆయిలింజన్లు, ఆ తర్వాత గట్టు మీద కూర్చునే కరెంటు మోటార్లు వచ్చాయి. అవి వేడెక్కితే చెయ్యి పెట్టి చూసేవాళ్లం, శబ్దం మారితే ఇంట్లోకి వినపడేది. బావులెండి బోర్లు వచ్చాక మోటారు కంటికి, చెవికి, చేతికి అందకుండా పోయింది. నీటిలో మునిగి పనిచేసే ఈ పంపును మొదట చమురు బావుల కోసం చేశారు. టిఫ్లిస్‌లో పుట్టి అమెరికా వెళ్లిన అర్మైస్ అరుతునోవ్ అనే ఇంజనీరు 1920ల చివర్లో దాన్ని పనిలోకి తెచ్చాడు. చమురు కంపెనీలు బావి పైన మీటర్లు పెట్టుకుని, వాటిని చూస్తూ పంపు నడుపుకుంటాయి. మనం యంత్రాన్ని తెచ్చుకున్నాం, ఆ మీటర్లు చూసే అలవాటును తెచ్చుకోలేదు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మోటారు కింద, పంపు పైన ఉంటాయి. రెంటి మధ్యలో జల్లెడ, నీరు లోపలికి పోయేది అక్కడే. బోరు అడుగు నుంచి వచ్చే నీరు మోటారు ఒంటిని రాసుకుంటూ పైకెళ్లి జల్లెడలోకి పోవాలి. మోటారు వేడిని మోసుకుపోయేది ఆ పారే నీరే. మా నేలలో ఒక చిక్కుంది. నీరిచ్చే చీలిక చాలాసార్లు మోటారుకు పైన ఉంటుంది. చీలిక మూడు వందల అడుగుల దగ్గర, మోటారు ఐదు వందల అడుగుల దగ్గర ఉందనుకోండి. నీరు పై నుంచి వచ్చి నేరుగా జల్లెడలోకి పోతుంది. మోటారు చుట్టూ ఉన్న నీరు కదలదు. నిలిచిన నీటిలో మోటారు గంటలకొద్దీ ఉడుకుతుంది. బోరులో నీళ్లున్నాయి, పైన నీళ్లు బాగానే పడుతున్నాయి, అయినా మోటారు కాలిపోతుంది. రైతుకు ఇది మాయలాగా కనిపిస్తుంది.

దీనికి మందు ఉంది. మోటారు చుట్టూ, జల్లెడ పై దాకా ఒక తొడుగు గొట్టం బిగిస్తే నీరు కిందికి దిగి, మోటారును రాసుకుంటూ పైకి రాక తప్పదు. ఆరున్నర అంగుళాల బోరులో ఆరంగుళాల మోటారుకు తొడుగు పట్టదు, నాలుగంగుళాల మోటారుకు సులువుగా పడుతుంది. అది దక్కకపోతే మోటారును చీలికకు కొంచెం పైన నిలపాలి. అయితే చీలిక ఎన్ని అడుగుల దగ్గరుందో తెలియాలి కదా. బోరు వేసిన రోజు బండి మీదున్నవాళ్లు చెప్పారు. రాసుకున్నవాళ్లు అరుదు. రైతు పోయాక కొడుక్కి తెలియదు. పొలం చేతులు మారితే కొన్నవాడికి తెలియదు. ఒక పుస్తకంలో ఒక్క అంకె రాసి ఉంటే ఒక మోటారు దక్కేది.

ఈ మోటార్లలో చాలావాటికి లోపల కూడా నీళ్లే నింపుతారు. రాగి తీగ చుట్టూ ప్లాస్టిక్ పొర ఉంటుంది. గట్టు మీది మోటారు వైండింగ్ ఓర్చుకున్న వేడిని ఈ పొర ఓర్చుకోలేదు. అది మెత్తబడిందంటే తీగకు తీగ తగిలి, నిమిషాల్లో అంతా అయిపోతుంది. దించే ముందు లోపల శుభ్రమైన నీళ్లు నింపాలి, గాలి బుడగలు పోయేదాకా అటూ ఇటూ కదిలించి మళ్లీ నింపాలి. కాలువ నీళ్లు, బురద నీళ్లు పోస్తే కింది థ్రస్ట్ బేరింగు అరిగిపోతుంది. గట్టు మీద పెట్టి "ఒక్క నిమిషం తిప్పి చూద్దాం" అనడం కూడా మానాలి. ఆ బేరింగులకు, బుష్‌లకు నీళ్లే నూనె.

ఇప్పుడు స్టార్టరు డబ్బా దగ్గరికి వద్దాం. ప్రతి డబ్బాలో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది, అది ఉంది కదా, మోటారు కాలదు అని రైతు ధీమా. ఆ రిలే పట్టుకునేది కరెంటు ఎక్కువగా లాగినప్పుడే. బోరులో నీళ్లయిపోయి మోటారు ఉత్తగా తిరిగినప్పుడు కరెంటు పెరగదు, తగ్గుతుంది. మోయడానికి నీళ్లు లేవు కాబట్టి మోటారు తేలిగ్గా తిరుగుతుంది. రిలే దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. కింద మాత్రం చల్లబరిచే నీరు లేక మోటారు కాగిపోతూ ఉంటుంది. మా మండలంలో మోటార్ల మీద పడే పెద్ద దెబ్బల్లో ఇదొకటి. సరిగ్గా దీన్నే మామూలు స్టార్టరు పట్టుకోలేదు. కరెంటు తగ్గినప్పుడు ఆపేసే డ్రై రన్ రిలే వేరే ఉంది. దాని ఖర్చు ఒక్క రీవైండింగ్ ఖర్చు ముందు ఏపాటిది? అట్లాంటిది ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు.

మోటారు ఆరు వందల అడుగుల లోతున ఉన్నా దాని మనసులో మాట పైన ఆంపియర్లలో తెలుస్తుంది. క్లాంప్ మీటరు అని చేతిలో పట్టే పరికరం ఉంది. దాని దవడ తెరిచి తీగ చుట్టూ మూస్తే చాలు, తీగ కోయకుండా ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూపిస్తుంది. మూడు ఫేజుల తీగలకూ ఒకటి తర్వాత ఒకటి పెట్టి చూడాలి. మోటారు మీదున్న రేకులో రాసిన ఆంపియర్ల దగ్గరగా మూడూ సమానంగా ఉంటే మోటారు క్షేమం. అంకె ఒకచోట నిలవకుండా పైకీ కిందికీ ఊగుతూ, పైన నీళ్లతో పాటు గాలి బుసకొడుతుంటే నీటిమట్టం జల్లెడ దాకా దిగిందని అర్థం. అంకె బాగా తగ్గి నిలకడగా ఉండి, పైన చుక్క నీళ్లు రాకపోతే బోరైనా ఎండి ఉండాలి, మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగైనా తెగి ఉండాలి. అంకె రేకు మీద రాసినదాన్ని దాటి పైకి పోతే ఇసుక పట్టిందో, బుష్‌లు అరిగాయో, ఓల్టేజీ పడిపోయిందో చూడాలి. ఒక తీగలో సున్నా చూపించి మిగతా రెండింటిలో పెరిగితే ఫేజు పోయింది, ఆ క్షణమే ఆపాలి. ఆంపియర్లు సరిగ్గానే ఉన్నాయి, నీళ్లు మాత్రం సగానికి పడిపోయాయంటే ఎక్కడో పైపుకు చిల్లు పడింది, పైన ఎక్కించిన నీళ్లు మళ్లీ బోరులోకే కారుతున్నాయి. కొత్తగా వైరింగు మార్చాక నీళ్లు తక్కువ వస్తుంటే మోటారు వెనక్కి తిరుగుతుండవచ్చు, మూడింటిలో ఏ రెండు తీగలైనా అటుదిటు మార్చితే చాలు.

ఈ నాలుగు మాటలు తెలియక పైపులు పైకి లాగిన సందర్భాలు ఊరూరా ఉన్నాయి. లాగడానికి కూలీ, దించడానికి కూలీ, మధ్యలో చెట్లకు తడి లేని రోజులు. చివరికి చూస్తే తప్పు స్టార్టరులో అరిగిన కాంటాక్టుదో, స్తంభం మీద ఊడిన జంపరుదో అయి ఉంటుంది. మోటారును తాకకుండానే పైన తేల్చుకోవాల్సిన సంగతులివి. మెగ్గర్ అని ఇంకో పరికరం ఉంది. కేబుల్ పై కొస దగ్గర పెట్టి తీగకూ భూమికీ మధ్య నిరోధం చూస్తే, కింద తీగ పొర చెడిందో లేదో చెబుతుంది. ఒక మెగాఓమ్ కంటే దిగిపోయిందంటే కేబుల్ జాయింటులోకో వైండింగులోకో తేమ చేరింది. నెలనెలా ఆ అంకె రాసుకుంటూ పోతే, మోటారు పోకముందే పోబోతోందని తెలుస్తుంది. మే నెల నడి ఎండలో చావబోయే మోటారును జనవరిలోనే పైకి తీసి బాగుచేసుకోవచ్చు.

నీటిమట్టం కొలవడానికి మీరు పెద్ద యంత్రాలేవీ కొననక్కర్లేదు. మోటారు దించేటప్పుడు పైపుల వెంట ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని మోటారు దాకా కట్టి దించాలి. దాని పొడవు రాసిపెట్టుకోవాలి. పై కొసకు ప్రెషర్ గేజీ, ఒక వాల్వు. సైకిల్ పంపుతో గాలి కొడితే గొట్టంలోని నీరంతా కిందికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎంత కొట్టినా ముల్లు ఒకచోట ఆగిపోతుంది. గేజీ చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు చూపిస్తే గొట్టం కొసకు పైన సుమారు 30 మీటర్ల నీరుందని లెక్క. గొట్టం పొడవు 150 మీటర్లయితే నీటిమట్టం 120 మీటర్ల దగ్గరుంది. మోటారు ఆడుతున్నప్పుడు కూడా ఈ కొలత తీయవచ్చు. గంట తర్వాత ముల్లు 1కి దిగిందంటే ఇంకో పది మీటర్లే మిగిలాయి, ఆపాలి. ఆపాక ఎంతసేపటికి మళ్లీ 3కి ఎక్కుతుందో చూసుకుంటే ఆ బోరుకు ఎంత విశ్రాంతి కావాలో కూడా తెలుస్తుంది. ఏడో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క ఇది. మా మండలంలో ఇట్లాంటి గొట్టం కట్టిన బోరు నా కంటికి ఇంతవరకు కనబడలేదు.

కరెంటు సంగతి చెప్పకపోతే ఈ లేఖ సగమే. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత విద్యుత్తు మీద పెట్టారు. ఆ మేలును ఈ కరువు నేల రైతు ఎన్నటికీ మరవడు. ఆ పథకానికి కొన్ని షరతులు కూడా ఉన్నాయి: కెపాసిటర్ బిగించాలి, ఐఎస్ఐ గుర్తున్న పంపుసెట్టే వాడాలి, ఒరిపిడి తక్కువున్న ప్లాస్టిక్ పైపులు వేయాలి. షరతులన్నీ రైతు మేలుకే. కెపాసిటర్ ఉంటే లైను మీద భారం తగ్గి చివరి మోటారుకు కూడా ఓల్టేజీ అందుతుంది. ఇప్పుడు పొలాలు తిరిగి చూడండి, కెపాసిటర్లు కొన్నిచోట్ల లేవు, కొన్నిచోట్ల ఉన్నా పేలిపోయి తీగలు ఊడి ఉన్నాయి.

ఆటో స్టార్టరు ఇంకో సమస్య. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రాత్రిపూట పొలానికి పోయి పాము కాటుకు గురికాకూడదని రైతులు దాన్ని పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. అయితే సప్లై రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు మీదున్న మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. నేరుగా లేచే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగేసరికి ఓల్టేజీ కుప్పకూలుతుంది. ఓల్టేజీ పది శాతం తగ్గితే మోటారు తిప్పే బలం పందొమ్మిది శాతం తగ్గుతుంది. సగం మోటార్లు లేవలేక మూలుగుతూ కాలుతాయి, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. దీనికి పైసా ఖర్చు లేని మందుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు రైతులు కూర్చుని, ఒకరి టైమరు ఒక నిమిషానికి, ఇంకొకరిది రెండు నిమిషాలకు, మరొకరిది మూడు నిమిషాలకు పెట్టుకుంటే చాలు. ఆ మాట చెప్పి కూర్చోబెట్టే మనిషి కావాలి. మూడు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉండాల్సింది 350కి దిగితే మోటారు ఆపేయాలని, ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతుంటే దాని ముల్లును పైకి తిప్పడం తన మోటారుకు తానే నిప్పంటించడమని కూడా ఆ మనిషే చెప్పాలి.

మోటారు సైజు విషయంలో మా రైతులు పడే తాపత్రయం నాకు తెలుసు. పక్క పొలంలో పదిహెచ్‌పీ దించితే మనమూ దించాలి, లేకపోతే కింది నీళ్లన్నీ అతనే లాగేస్తాడని భయం. లెక్క వేరేలా ఉంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు. ఆ రెండు లీటర్లను 120 మీటర్ల లోతు నుంచి ఎత్తడానికి కావలసింది రెండు ఇంటూ నూట ఇరవై, భాగించు డెబ్బై ఐదు, అంటే 3.2 హెచ్‌పీ. పంపూ మోటారూ కలిసి తీసుకున్న కరెంటులో సగమే పనికొచ్చినా ఆరున్నర హెచ్‌పీ చాలు. ఏడున్నర హెచ్‌పీ మోటారు హాయిగా సరిపోయే చోట పన్నెండున్నర దించితే చీలిక ఇచ్చేదాని కంటే వేగంగా తోడేస్తుంది, అరగంటలో గాలి లాగుతుంది, ఆపి మళ్లీ వేయాలి. ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు ఐదారు రెట్ల కరెంటు, ప్రతిసారీ వేడి. పెద్ద మోటారు కొన్న రైతు తన బోరును ఎక్కువ సేపు కాక తక్కువ సేపు నడుపుకుంటున్నాడు. ఈ లెక్కను అంగట్లో ఎవరూ వేసి చూపించరు.

ఇదంతా మాకు చేతకాని పనేమో అని మీరు అనుకోనక్కర్లేదు. ఈ జిల్లా రైతులు కొలిచారు. 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం, అధికారులు ఏపీఫామ్స్ అని పిలిచేది, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అనంతపురం అందులో ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది, నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి నడిపింది. ఆరు వందలకు పైగా పల్లెల్లో ఆడవాళ్లు, మగవాళ్లు వానమాపకం చూసి రాశారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, డ్రమ్ముతో ఇంచుల లెక్క తేల్చారు. ఊరి గోడ మీద ఆ అంకెలు రాసి, రబీకి ముందు అందరూ కూర్చుని మన కింద ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరినీ ఎవరూ శాసించలేదు. అంకె చూసి వరి మానుకుని ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లు చాలామంది. 2010లో భారత భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు తెచ్చిన నివేదిక దీన్ని ఆదర్శంగా చూపించింది. పథకం గడువు ముగిశాక టేపులు, రిజిస్టర్లు మూలకు చేరాయి. బడి చదువు అంతంతమాత్రంగా ఉన్న రైతులు కూడా ఆరేళ్ల పాటు కొలిచి చూపించిన జిల్లా ఇది. దానికి స్టార్టరు డబ్బా దగ్గరి కొలతలు నాలుగు కలిపితే సరిపోతుంది.

బోర్ల కోసం ప్రభుత్వాలు తక్కువ చేయలేదు. ఎన్టీఆర్ జలసిరి వచ్చింది, 2020 సెప్టెంబరు 28న వైఎస్సార్ జలకళ మొదలైంది. 2003 నుంచి సూక్ష్మ సేద్యం పథకం డ్రిప్పు ఇస్తోంది, ఈ జిల్లాలో చీనీ తోటలు బతికి ఉన్నాయంటే దాని పుణ్యం చాలా ఉంది. ప్రతి పథకమూ బోరు వేయడం దగ్గరో, మోటారు బిగించడం దగ్గరో, డ్రిప్పు పైపు పరచడం దగ్గరో పూర్తయిపోతుంది. ఫోటో తీసుకుని, బిల్లు పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ మర్నాటి నుంచి పదేళ్ల పాటు ఆ యంత్రాన్ని కాపాడుకోవాల్సింది రైతు ఒక్కడే. ఆవుకు జబ్బు చేస్తే పశువైద్యశాల ఉంది. పంటకు పురుగు పడితే వ్యవసాయ సహాయకుడు ఉన్నాడు. ఆ రెంటినీ బతికించే బోరుకు జబ్బు చేస్తే అడిగేందుకు ప్రభుత్వపు మనిషి ఒక్కడూ లేడు.

అందుకే అడుగుతున్నాను. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా పుట్టి ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్నవాటిలో ఒక్కోదానికి ఒక క్లాంప్ మీటరు, ఒక మెగ్గర్, నీటిమట్టం చూసే గేజీ, ఒక సైకిల్ పంపు ఇవ్వండి. అనంతపురం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న పిల్లల్లో ఒకరిని కేంద్రానికి ఒకరు చొప్పున తీసుకోండి. ఊళ్లో ఏళ్లుగా మోటార్లు ఎత్తి దించే మెకానిక్కులను కూడా వాళ్లతో కూర్చోబెట్టండి, వాళ్ల చేతి అనుభవం పుస్తకంలో దొరకదు. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, జేఎన్‌టీయూ ఇంజనీర్లు కలిసి వారం పది రోజుల శిక్షణ ఇవ్వగలరు. ఆ పిల్లవాడు ప్రతి బోరు దగ్గరికి ఏడాదికి మూడుసార్లు, దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత, ఉగాది ముందు పోయి అంకెలు రాయాలి.

బోరు పుస్తకంలో ఏముండాలంటే, బోరు లోతు, కేసింగు లోతు, నీళ్లు తగిలిన లోతులు, మోటారు దించిన లోతు, రేకు మీది ఆంపియర్లు, పంపు స్టేజీలు, కేబుల్ జాయింటు ఎక్కడుందో. ఆ తర్వాత ప్రతి కొలతా తేదీతో సహా. మోటారు కాలితే ఎందుకు కాలిందో మెకానిక్ రాసి సంతకం పెట్టాలి. నాలుగేళ్లు అట్లా రాస్తే రాప్తాడు మండలంలో ఏ కారణంతో ఎన్ని మోటార్లు పోతున్నాయో మొదటిసారి తెలుస్తుంది. ఓల్టేజీ వల్ల అయితే విద్యుత్తు సంస్థ ఆ లైను చూసుకుంటుంది. నీరు దిగినందువల్ల అయితే భూగర్భజల శాఖ, ఉపాధి హామీ వాళ్లు ఆ వాగు మీద చెక్‌డ్యాం సంగతి చూస్తారు. నాసిరకం మోటారు వల్ల అయితే ఐఎస్ 8034, ఐఎస్ 9283 అని గుర్తు వేసుకుని అమ్మినవాళ్లను నిలదీయవచ్చు. ఇప్పుడు అన్నింటికీ ఒకే మాట, "కాలిపోయింది".

ప్రాణాల మాట కూడా ఉంది. ఫ్యూజు పోతే లైన్‌మేన్ వచ్చేదాకా ఆగలేక రైతే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోతాడు. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు. ఎర్తు తీగ తుప్పుపట్టి తెగిపోయిన స్టార్టరు డబ్బాను ముట్టుకున్నా ప్రాణం పోతుంది. అంకెలు రాయడానికి వెళ్లిన పిల్లవాడు మొదట చూడాల్సింది ఎర్తింగే. ఎండిపోయి వదిలేసిన బోర్లకు మూతలు వేయాలని 2010లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది, ఆ బాధ్యత జిల్లా కలెక్టరు మీద పెట్టింది. మోటారు పైకి లాగేసి, రేపు దించుదాంలే అని గోనెసంచి కప్పి వదిలిన బోరు కూడా అంతే ప్రమాదం. ఆ పుస్తకంలో చివరి పేజీ దానికి కేటాయించండి.

కలెక్టర్ గారూ, జిల్లా అంతటా ఒక్కసారే చేయమని అడగడం లేదు. రాప్తాడు మండలంలో ఒక రైతు సేవా కేంద్రాన్ని ఎంచుకోండి. దాని కింద ఉన్న బోర్లకు ఒక ఏడాది పుస్తకాలు రాయించండి. అయ్యే ఖర్చు ఒక కొత్త బోరు వేసి మోటారు బిగించే ఖర్చును మించదని నా నమ్మకం. వచ్చే ఉగాదికి ఆ పుస్తకాలు తెప్పించుకుని మీరే చదవండి. పనికొచ్చిందనిపిస్తే మిగతా మండలాలకు ఇవ్వండి. మోటారు ఎత్తడం, దించడం, కొలతలు నేర్చుకోవడం, నేర్పించడం, ఏ పనికైనా మా ఊరి రైతులను పిలవండి, వస్తాం.

ఇట్లు,
రాప్తాడు మండలానికి చెందిన ఒక బోరు రైతు